ఎడమ చెవి

కాగితాల ప్రకారం మా అమ్మమ్మకి తొంభై రెండు.
తన లెక్కలో తొంభై అయిదు.
అత్రాతో నది పొంగి చర్చి మెట్లెక్కిన ఏడు పుట్టానంటుంది.
నది పుట్టినరోజు పత్రాలు రాసివ్వదుగా.
రాయి మీద ఏ అంకె చెక్కించాలో తేలక
నికనోర్ మామయ్య ఉత్త పేరే చెక్కించాడు:
ఎర్మెలిందా రెంతెరీయా.
అక్షరానికింతని అడిగితే బేరం కూడా ఆడాడు,
ఆమె కొడుకే కదా.

సెంట్రల్ ఫాల్స్‌లో మూడంతస్తుల చెక్క ఇల్లు, పై వాటా.
నలభై మూడు మెట్లు.
రెండో అంతస్తు మలుపులో ఓ కుర్చీ,
ప్లాస్టిక్ అల్లిక ఒకవైపు జారిపోయింది.
సరుకుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని
"అలుపు నాక్కాదు, మెట్లకి.
కాస్త ఊపిరి తీసుకోనీ" అనేది.

చిన్నప్పుడు నడుంలోతు నీళ్ళలో
చెక్క పళ్ళెం తిప్పి తిప్పి ఇసుకలో బంగారం వెతికిందట.
ఇక్కడ స్టీలు గిన్నెలో బియ్యం కడిగినా
అదే మణికట్టు, అదే తిప్పుడు.
నీళ్ళు వంపాక అడుగుకేసి ఓ క్షణం చూసేది.
ఏమైనా దొరికిందా అమ్మమ్మా?
దొరికిందని నా అరచేతిలో పెట్టేది.
మట్టిబెడ్డ.
ఒకసారి మాత్రం చెవిపోగు, తనదే.

అరవై తొమ్మిది జనవరిలో దిగింది,
మిల్లులో మగ్గాలకి మనుషులు కావాలంటే.
అరువు కోటు, లోపల ఒకదాని మీద ఒకటి మూడు గౌన్లు.
పందొమ్మిదేళ్ళు నాడెల చప్పుడు తిని తిని
ఎడమ చెవి పోయింది.
మానేసిన రోజు కంపెనీ వాళ్ళు గోడ గడియారం ఇచ్చారు,
గంటలు కొట్టేది.

చర్చిలో చేయలేని పాపసంకీర్తనం
మేం ఆ చెవిలో చేసేవాళ్ళం.
సోఫాలో ఎడమ పక్క చోటుకి కొట్లాట.
విల్మార్ ఎత్తుకొచ్చిన సైకిలు గురించి చెప్పాడు.
మా అమ్మ, నలభై దాటిన మనిషి,
నాన్నని వదిలేద్దామనుకుంటున్నానని చెప్పింది.
నేను పదకొండేళ్ళప్పుడు
నీ రంగు నాకు రాకపోయుంటే బాగుండేదని చెప్పాను.
ఆమె కందికాయలు ఒలుస్తూనే ఉంది.

ఓసారి జనాభా లెక్కలాయన వచ్చి
నలుపా, స్పానిష్షా, ఏదో ఒకటి చెప్పమన్నాడు.
"పడుగు అడుగుతారు, పేక అడుగుతారు.
బట్ట సంగతి ఒక్కడూ అడగడు" అంది.
కాఫీ పోసి, రెండు గడులూ నింపించి,
మెట్ల దగ్గర మంచుంది జాగ్రత్తని సాగనంపింది.

పోయిన చలికాలం ఆసుపత్రిలో
నా చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించి
చాలాసేపు చూసింది. సూదులూ, గొట్టాలూ.
"ఇంకా నచ్చలేదా?" అంది.

ముప్ఫై నాలుగేళ్ళు.

ఆ చెవి వినపడదని మాకెవరు చెప్పారు?
ఆమే.

ఇంటికి తెచ్చాం. ఇంట్లోనే పోయింది.
తొమ్మిది రాత్రులు పాడాం, అలబావోలు,
వాయిద్యాల్లేవు, గొంతులే,
ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవడం.
గోడకి తెల్లదుప్పటి, దాని మీద నల్లగుడ్డ సీతాకోక.
కింది వాటా పోర్చుగీసు ముసలాయన
గోల భరించలేనని తలుపు కొట్టాడు,
అయిదో రాత్రి నించి తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు.

తొమ్మిదోనాడు తెల్లవారకముందే
దీపాలార్పి, దుప్పటి దించి,
దారి ఇవ్వాలి. వెళ్ళిపోతుంది.
మూడంతస్తుల తలుపులూ బార్లా తీశాం.
గోడలకి అంటుకుపోయి నిలబడ్డాం.
చలి లోపలికొచ్చింది, ఇంకేం వినపడలేదు.
ఆ చీకట్లోనే మామయ్య తడుముకుంటూ వెళ్ళి,
ఆమెని కిందికి దింపేటప్పుడు అడ్డమని తీసేసిన కుర్చీని
తెచ్చి మలుపులో పెట్టాడు.

దిగేవాళ్ళకి కుర్చీ ఎందుకని
ఎవరూ అనలేదు.

నేను దానికి ఎడమ పక్క మెట్టు మీద కూర్చుని
ఒక మాట చెప్పాను,
గట్టిగా కాదు.